గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ల బ్లేడు వేయొచ్చా? నిన్న మిషన్ చేతిలోంచి ఎగిరింది

తోటకాడ (ప్రశ్న):

అన్నలకు నమస్కారం. మాది దామలచెరువు పక్కన పల్లె. నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు తోటకు పోతుంటాను. మామిడి తోటలో పాత కొట్టం ఒరిగిపోతోందని నేనూ మా నాయనా కలిసి మళ్లీ కట్టుకుందామని వేప పలకలు, నాలుగు దూలాలు దింపుకున్నాం. చేతి రంపంతో రెండు పలకలు కోసేసరికి నాయనకు ఆయాసం వచ్చేసింది. అది చూడలేక తిరుపతిలో చేత్తో పట్టుకునే నాలుగించుల గ్రైండర్ మిషన్ ఒకటి కొన్నాను. చెక్క కోయాలి అని చెబితే షాపులో 40 పళ్ల బ్లేడు చేతిలో పెట్టి, దీనికే సరిపోతుంది, బ్లేడు మీద ఉండే రేకు గార్డు అడ్డమొస్తుంది కాబట్టి తీసేసుకోండి అన్నారు.

మొదటి రెండు పలకలు చకచకా తెగిపోయాయి. మూడో దాన్ని రెండు సిమెంటు ఇటుకల మీద ఆనించి మధ్యలో కోస్తున్నా, సగం దాటిందో లేదో టక్‌మని శబ్దం వచ్చింది, మిషన్ నా వైపే ఎగిరి ఎడమ చేతి మీదుగా పోయింది. చొక్కా మోచేతి కింద జానెడు పొడవున చీలింది, చర్మం మీద గీరుకుపోయింది అంతే, ఆ దేవుడి దయ. కానీ మిషన్ కింద పడినా ఆగలేదు. మట్టి చిమ్ముకుంటూ గిరగిరా తిరుగుతూ మా నాయన కాళ్ల వైపు పోయింది. ఆయన వెనక్కి గెంతి, మోటారు షెడ్డులోకి పరిగెత్తి ప్లగ్గు పీకేశాడు. రాత్రి నాకు నిద్ర లేదు. నా చెయ్యి సంగతి సరే, ఆయన ఉత్త కాళ్ల దగ్గర ఆ బ్లేడు తిరగడమే కళ్ల ముందు కనిపిస్తోంది.

నేను పట్టుకోవడం తప్పా, బ్లేడు తప్పా? ఊళ్లో చాలామంది ఇదే బ్లేడు వాడుతున్నారు, మరి వాళ్లకు కాలేదే. ఇంకా ఇరవై పలకలు కోయాలి, మిషన్ ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గేటుపని:

తమ్ముడూ, ముందు ఆ బ్లేడు తీసి పక్కన పెట్టు. నాకు రేణిగుంట రోడ్డులో గ్రిల్, గేట్ల షాపు ఉంది, 19 ఏళ్లుగా రోజూ ఈ మిషనే చేతిలో ఉంటుంది, మేం ఏజీ ఫోర్ అంటాం. మా షాపులో కుర్రోళ్లకు నేను మొదటి రోజే చెప్పే మాట, గ్రైండర్‌కు పళ్లున్న బ్లేడు వేస్తే ఆ రోజే పని మానేసి పొమ్మంటానని.

ఎందుకో చెప్తా. గ్రైండర్ ఇనుము అరగదీయడానికి, ఇనుము కోయడానికి చేసిన మిషన్. నువ్వు కొన్న సైజుది నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 180కి పైన. నాలుగించుల చక్రం అంచు దగ్గర ఆ వేగం లెక్క కడితే గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. కటింగ్ వీల్, అంటే పళ్లు లేని సన్న చక్రం, అయితే ఇనుమును రాసుకుంటూ, తాను అరుగుతూ పోతుంది. పళ్ల బ్లేడు అలా రాసుకోదు, కరుస్తుంది. చెక్కలో ముడి తగిలినా, సందు బిగుసుకున్నా పన్ను అక్కడే దిగబడిపోతుంది, అప్పుడు మోటారు బలమంతా మిషన్‌ను వెనక్కి, అంటే నీ మీదికి విసురుతుంది. దాన్నే కిక్ బ్యాక్ అంటారు. ఎంత గట్టిగా పట్టుకున్నా అది జరిగే వేగానికి మన చెయ్యి అందుకోలేదు, కాబట్టి నువ్వు సరిగ్గా పట్టుకోలేదేమో అని బాధపడొద్దు.

రెండు చివర్లూ ఇటుకల మీద పెట్టి మధ్యలో కోశానన్నావు చూడు, నీ మూడో పలక సంగతి అక్కడే ఉంది. సగం తెగగానే పలక బరువుకు మధ్యలో కిందికి కుంగుతుంది, పైన సందు మూసుకుని బ్లేడును రెండు వైపులా నొక్కేస్తుంది. ఇనుప పైపు కోసేటప్పుడు కూడా ఇదే. తెగి పడే ముక్క గాల్లో ఉండాలి, మన వైపు ముక్క బెంచీకి క్లాంప్ వేసి బిగించి ఉండాలి. కాలితో తొక్కిపెట్టి కోయడం మన దగ్గర అందరికీ అలవాటు, దయచేసి అది మాత్రం నేర్చుకోవద్దు.

ఇక గార్డు. తీసేయమన్నవాళ్లు రేపు ఆసుపత్రికి నీతో రారు. కటింగ్ వీల్ పగిలితే ముక్కలు తూటాల్లా వస్తాయి, వాటికి మన మొహానికి మధ్య ఉండేది ఆ రేకు ఒక్కటే. రెండేళ్ల కింద మా షాపులోనే ఒక కుర్రోడు ఐదించుల వీల్‌ను నాలుగించుల మిషన్‌కు వేశాడు. నాలుగించుల వీల్ కన్నం 16 మిల్లీమీటర్లు, ఐదించులది 22 పైన. ఆ తేడాకు వాషర్ పెట్టి బిగించాడు, పట్టదని గార్డు విప్పేశాడు. స్విచ్ వేసిన పది సెకన్లకు వీల్ మూడు ముక్కలైంది. ఒక ముక్క రేకు షట్టర్‌లో దిగబడి ఉండిపోయింది. వాడి తలకు జానెడు దూరం. ఆ ముక్కను నేను ఇప్పటికీ తీయనివ్వలేదు, కొత్తగా పనిలోకి వచ్చిన ప్రతివాడికీ చూపిస్తా.

వీల్ కొనేటప్పుడు రెండు చూడు. దాని మీద గరిష్ఠ వేగం రాసి ఉంటుంది, నాలుగించుల వాటి మీద మామూలుగా 15,300 దగ్గర ఉంటుంది, ఏడించుల వాటి మీద 8,500 దగ్గరే ఉంటుంది. మిషన్ వేగం కన్నా వీల్ మీది అంకె ఎక్కువ ఉండాలి, ఎప్పుడూ. రెండోది, నడిమధ్య ఇనుప రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి, అది గడువు తేదీ. వీల్‌ను పట్టి ఉంచే జిగురు తేమకు, కాలానికి బలహీనపడుతుంది కాబట్టి తయారైన మూడేళ్లకు మించి వాడకూడదు. తడిసినది, కింద పడినది పారెయ్. కొత్త వీల్ వేశాక ఎవరూ ఎదురుగా లేకుండా చూసుకుని అర నిమిషమన్నా ఊరికే తిప్పి చూడు, తేడా ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. కటింగ్ వీల్ పక్క వైపుతో గ్రైండింగ్ చేయొద్దు, సన్నది కదా, పక్క ఒత్తిడికి ఆగదు.

కొండకింద:

ఇంత భయపెట్టాల్సిన పని లేదులే అన్నా. నేను పదేళ్లుగా ఇదే బ్లేడుతో తలుపు చెక్కలు, ప్లైవుడ్డు కోస్తున్నా. గట్టిగా రెండు చేతులతో పట్టుకుని, నిదానంగా పోతే ఏం కాదు. చేయి కుదిరేదాకా కష్టమే, ఏ మిషన్ అయినా అంతే.

మాధవమాల చెక్కపని:

కొండకింద అన్నా, మీకు పదేళ్లుగా ఏం కాలేదంటే సంతోషం, ఇకమీదట కూడా కాకూడదు. కానీ మా చిన్నాయనకు ఇరవై ఏళ్ల చేతివాటం. మాది శ్రీకాళహస్తి వైపు, మాధవమాల. చెక్క బొమ్మల పని మాకు తాతల నాటిది, ఉలి పట్టుకున్న చెయ్యి వణకడం నేను ఎప్పుడూ చూడలేదు ఆయనది. తొందర పని ఉండి గ్రైండర్‌కు పళ్ల బ్లేడు వేసి మొద్దు చెక్కుతుంటే ఎడమ చూపుడు వేలు రెండో కణుపు దగ్గర పోయింది. చేయి కుదరనివాడికి అయ్యే ప్రమాదం అని మాత్రం దీన్ని అనుకోవద్దు.

ఆ రోజు మేం ఇంకో తప్పు చేశాం, అది కూడా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది. తెగిన వేలిని నేరుగా ఐసు ముక్కల్లో పెట్టి తీసుకుపోయాం. ఐసు నేరుగా తగిలితే కండ గడ్డకట్టి పాడైపోతుందట, అతకడం కుదరలేదు. శుభ్రమైన గుడ్డను తడిపి పిండి, అందులో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో నీళ్లు పోకుండా కట్టి, ఆ కవర్‌ను ఐసు వేసిన నీళ్లలో పెట్టాలి. గాయం మీద గుడ్డ పెట్టి గట్టిగా అదిమిపట్టి చెయ్యి పైకెత్తి ఉంచాలి, పసుపు, కాఫీ పొడి ఏదీ వేయకూడదు, 108కి ఫోన్ చేసేటప్పుడే వేలు తెగింది అని స్పష్టంగా చెప్పాలి. పొలంలో ఉన్నారు కాబట్టి చెప్తున్నా.

తోట తమ్ముడికి. చెక్క కోయడానికి చేతి సర్క్యులర్ సా వేరే ఉంటుంది. దానికి కింద వెడల్పాటి బేస్ ప్లేటు ఉంటుంది, అది పలక మీద ఆనుకుని నడుస్తుంది, కాబట్టి మిషన్ ఒరగదు. బ్లేడు కింది సగాన్ని స్ప్రింగు గార్డు మూసి ఉంచుతుంది, పలక నుంచి బయటికి రాగానే అదే మూసుకుంటుంది. స్విచ్ వేలితో నొక్కి ఉంచినంతసేపే తిరుగుతుంది. నీ గ్రైండర్‌కు ముందుకు తోస్తే లాకయ్యే స్విచ్ ఉండి ఉంటుంది, అందుకే కింద పడినా తిరుగుతూ మీ నాయన దాకా పోయింది. ఏడించుల సా నిమిషానికి 5,000 చిల్లర చుట్లే తిరుగుతుంది, సుమారు రెండున్నర ఇంచుల మందం దాకా తెగుతుంది. పలక మందం కన్నా పావు ఇంచి మాత్రమే ఎక్కువ దిగేలా బ్లేడు లోతు పెట్టుకో. కింది గార్డును చెక్క ముక్కతో ఎత్తి కట్టేసుకునేవాళ్లు ఉంటారు, వాళ్లను చూసి నేర్చుకోకు.

ఇరవై పలకలకు అది కూడా కొనడం ఎందుకు అనుకుంటే, కొలతలు రాసుకుని ట్రాక్టర్లో వేసుకుని సామిల్లుకు తీసుకుపో. ఒక్క పూటలో అయిపోతుంది. దూలాలకైతే అదే మంచిది, వేప మొద్దులో ముడులు ఎక్కువ.

కరెంటుపని చిత్తూరు:

మోటారు షెడ్డు నుంచి కరెంటు తీసుకున్నానన్నావు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నా. నేను చిత్తూరులో ఇళ్ల వైరింగు పని చేస్తా. పనికి పోయిన ప్రతి చోటా చూసేది ఒకటే, ప్లగ్గు ఊడిపోయి ఉంటుంది, రెండు వైర్ల కొసలు గీకి సాకెట్ కన్నాల్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చి ఉంటారు. నీది అలా లేదు, ప్లగ్గు పీకాడు మీ నాయన అన్నావు. చాలా మంచిది, అగ్గిపుల్లలే ఉండి ఉంటే ఆ కంగారులో ఆయన చెయ్యి ఎక్కడ పడేదో.

ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే బోర్డు స్విచ్, ఉంది కదా షాక్ కొడితే పడిపోతుందిలే అని చాలామంది ధైర్యం. పడదు. ఎంసీబీ వైరును కాపాడడానికి, మనిషిని కాదు. 16 ఆంప్స్ దాటితే అది పడుతుంది, మనిషి ప్రాణం పోవడానికి ఒక ఆంపులో పదో వంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే ఇంకో రకం స్విచ్, 30 మిల్లీ ఆంప్స్‌ది. కరెంటు పోయిన దారినే తిరిగి రాకుండా మన ఒంటి మీదుగా భూమిలోకి పోతుంటే ఆ తేడా పట్టుకుని చిటికెలో కట్ చేస్తుంది. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం అదీ కాపాడలేదు, అది గుర్తుంచుకో. ఎక్స్‌టెన్షన్ బాక్సులోనే ఒకటి బిగించుకుంటే ఎక్కడికి పోయినా వెంట వస్తుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడు.

నీ గ్రైండర్ రేటింగ్ ప్లేటు మీద ఒక చదరంలో ఇంకో చదరం బొమ్మ ఉందేమో చూడు. ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ మిషన్, రెండు వైర్లే ఉంటాయి, ఎర్తు అక్కర్లేదు. పాత ఇనుప బాడీ డ్రిల్ మిషన్లకు మూడు వైర్లు ఉంటాయి, సాకెట్‌లో పట్టదని ఎర్తు పిన్ను విరిచేసి వాడతారు, అది పచ్చి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడినవాడికి చాలా ప్రమాదం. డబుల్ ఇన్సులేషన్ ఉన్నా మిషన్ తడిస్తే దాని రక్షణ పోయినట్టే. డ్రిప్ పైపులు కారుతున్న చోట, వాన తుంపర్లో పని పెట్టుకోవద్దు.

ఇంకొకటి, తోట కాబట్టి ముఖ్యంగా చెప్పాలి. వ్యవసాయ కరెంటు గంటల లెక్కన వస్తుంది, మధ్యలో పోతుంది. పని చేస్తుండగా కరెంటు పోతే మనం మిషన్ అక్కడే పెట్టి టీ తాగడానికి పోతాం. స్విచ్ లాకయ్యే ఉంటుంది. కరెంటు రాగానే మిషన్ దానంతట అదే లేచి బల్ల మీద నుంచి దూకుతుంది. మురకంబట్టు దగ్గర ఒక ఇంట్లో అలాగే అయింది, ఆ పక్కనే పిల్లవాడు ఆడుకుంటున్నాడు, వాడికి తగల్లేదు కానీ ఆ తల్లి అరిచిన అరుపు నాకు ఇంకా వినిపిస్తుంది. కరెంటు పోయిన మరుక్షణం స్విచ్ ఆఫ్ చేసి ప్లగ్గు పీకాలి. బ్లేడు మార్చేటప్పుడూ అంతే, స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు నీ కళ్ల ముందు నేల మీద ఉండాలి.

వైరు చుట్ట చుట్టగానే ఉంచి వాడొద్దు, లోపల వేడెక్కి తొక్క కరుగుతుంది, మొత్తం విప్పి పరుచుకో. వైరు ఎప్పుడూ నీ వెనక నుంచి రావాలి, వీల్ ముందు కాదు.

తిరుచానూరు అక్క:

నేను మిషన్ పట్టేదాన్ని కాదు, మా ఆయన కిటికీ గ్రిల్స్ పని చేస్తాడు. అందరూ చేతుల గురించి రాస్తున్నారు, కళ్ల గురించి నేను రాస్తాను.

పోయిన ఎండాకాలం సాయంత్రం ఇంటికొచ్చి కంట్లో ఏదో గరగరమంటోంది అన్నాడు. ఎప్పుడూ ఉండేదే అని నీళ్లు కొట్టుకున్నాడు. మా అత్త ఆముదం చుక్క వేద్దామంది, పక్కింటాయన చీర కొంగు మొన చేసి తీస్తానన్నాడు, షాపులో ఒకతను అగ్గిపుల్లతో అప్పటికే ఒకసారి గెలికి ఉన్నాడు, అది నాకు తర్వాత తెలిసింది. రెండో రోజుకు కన్ను ఎర్రగా వాచి వెలుతురు చూడలేకపోయాడు. కంటి ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ మిషన్‌లోంచి నన్ను కూడా చూడమంది. నల్లగుడ్డు మీద ఇనుప రవ్వ, ఆవగింజలో పావు కూడా లేదు, దాని చుట్టూ గోధుమ రంగులో సన్నని వలయం. ఇనుము కదా, కన్నీళ్లకు తుప్పు పట్టిందంట. రవ్వ తీసినంత సులువుగా ఆ తుప్పు రాదంట. మత్తు చుక్కలు వేసి సన్నని పరికరంతో గీకి తీశారు, మిగిలింది రెండు రోజుల తర్వాత మళ్లీ రమ్మని తీశారు. మొదటి రోజే వచ్చుంటే ఇంత పని ఉండేది కాదు అని ఆమె మెల్లగానే చెప్పింది కానీ నాకు గుండెలో గుచ్చుకుంది. ఇప్పుడు చూపు బాగానే ఉంది, ఆ చోట చిన్న మచ్చ మిగిలింది.

ఆయన ఎప్పుడూ కళ్లద్దాలు పెట్టుకునే పని చేసేవాడు. మామూలు అద్దాలు. రవ్వలు కింద నుంచీ పక్క నుంచీ ఎగిరి లోపలికి పోతాయి, వాటికి ఈ అద్దాలు అడ్డం కావు. చుట్టూ మొహానికి ఆనుకునే గాగుల్స్ కావాలి, ఐఎస్ 5983 అని గుర్తు చూసి కొనండి. ఇప్పుడు పనికి పోయే ముందు ఆయన టిఫిన్ డబ్బాలో గాగుల్స్ నేనే పెడతాను. పక్కన పట్టుకుని నిలబడే మనిషికి కూడా ఒక జత కావాలి, తమ్ముడూ, మీ నాయనకు కూడా.

కంట్లో ఏదైనా గట్టిగా తగిలి చూపు మసకైతే నలపకండి, కడగకండి, నొక్కకుండా ఏదైనా కప్పులాంటిది అడ్డం పెట్టి నేరుగా పోండి, ఇనుము పని చేస్తుండగా తగిలిందని తప్పకుండా చెప్పండి. కంట్లో ఇనుము ఉన్నవాళ్లకు ఎంఆర్ఐ తీయకూడదంట.

గేటుపని:

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఫ్యాక్టరీల చట్టంలో, 1948 నాటి దాంట్లోనే, 35వ సెక్షన్ మొత్తం కళ్ల రక్షణ గురించే ఉండేది. మా లాంటి చిన్న షాపుల్లో అడిగేవాళ్లు ఎవరూ రారు కాబట్టి షాపు ఓనరే చూసుకోవాలి.

ఒకటి మర్చిపోయా. మన తిరుపతిలో చాలామంది చేతికి ఎర్ర తాడు, కంకణం, మెడలో పొడుగు దండ వేసుకుంటారు. తీయమని నేను అనను, నమ్మకం ఎవరిది వాళ్లది. పొడుగు చేతుల చొక్కా బొత్తాం పెట్టుకుని లోపలికి తోసెయ్యండి, దండ చొక్కా లోపల ఉండాలి. లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. డ్రిల్ మిషన్‌కైతే గుడ్డ గ్లౌజు కూడా వద్దు, బిట్టుకు ఒక్క దారం చుట్టుకుంటే వేలు వెంట పోతుంది. గ్రైండర్‌కు చేతికి బిగుతుగా పట్టే తోలు గ్లౌజు పర్వాలేదు. పక్క హ్యాండిల్ తప్పక బిగించుకోవాలి, నువ్వు దాన్ని పెట్టెలోనే ఉంచేసి ఉంటావు అనుకుంటున్నా.

తోటకాడ:

అన్నా నిజమే, పక్క హ్యాండిల్ పెట్టె అడుగున కవర్లోనే ఉంది. ఈ రోజు పొద్దున చూశాను.

అందరికీ చాలా థ్యాంక్స్. ఈ రోజు సెలవు పెట్టి పలకలన్నీ సామిల్లుకు తీసుకుపోయాను, మధ్యాహ్నానికి కోసి ఇచ్చారు, దూలాలతో సహా. గార్డు మళ్లీ బిగించాను. ఇక కొట్టం మీద రేకులకు పట్టీలు కోయడానికే గ్రైండర్, అది కూడా ఇనుప కటింగ్ వీల్‌తోనే. షాపులో నాకు రెండు వీల్స్ ఉచితంగా ఇచ్చారు, రింగు మీద చూస్తే ఒకదాని గడువు అయిపోయి ఏడాది దాటింది, అది విరిచి పారేశా. పళ్ల బ్లేడును తిరిగి ఇవ్వాలనిపించలేదు, ఇస్తే ఇంకెవరికో అమ్ముతారు. బండ మీద పెట్టి సుత్తితో వంచేశాను. నాయన పక్కనే నిలబడి చూశాడు, ఏమీ అనలేదు, వంగిన ముక్కను తీసుకుపోయి పాత బావిలో వేసి వచ్చాడు.

ఆర్‌సీసీబీ రేపు తెస్తాను. ఒక్క సందేహం, నాయనకు చూపు అద్దాలు ఉన్నాయి, అవి తీస్తే ఏమీ కనపడదు. మీద గాగుల్స్ పడతాయా?

తిరుచానూరు అక్క:

పడతాయి తమ్ముడూ, అద్దాల మీద పెట్టుకునే వెడల్పాటివి ఉంటాయి. ఆయన్ను వెంట తీసుకుపోయి పెట్టి చూసి కొను, బిగుతైతే పది నిమిషాలకే తీసి పక్కన పెట్టేస్తారు.